కాళ్లకు ముందు, చెవులకు తర్వాత

పోయిన సంచికలో, మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కబెట్టి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల అవతల పడిందో తెలుస్తుందని రాశాను. అంతే, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ముప్పాతిక చప్పుడు గురించే. నాకు సంతోషమే. రైల్వేలో నా ఉద్యోగమంతా పట్టాలోకి చప్పుడు పంపడం, తిరిగొచ్చిన చప్పుడును చదవడం. బీబీనగర్–నడికుడి లైను మీద ఎండనక వాననక ట్రాలీ తోసుకుంటూ నడిచినవాణ్ని. ఈ విషయం కదిపితే నన్ను ఆపడం కష్టమని ఎడిటర్ గారికి తెలుసు కాబట్టి ఇంకో పేజీ ఇచ్చారు.

ముందుగా ఒక మాట. రాసినవాళ్లలో చాలామంది మూడు వేర్వేరు సంగతుల్ని ఒకే గంపలో వేశారు. ఒక పదార్థంలో చప్పుడు ఎంత వేగంగా పోతుందన్నది ఒకటి. బయటి నుంచి దాంట్లోకి ఎంత చొరబడుతుందన్నది ఇంకొకటి. చొరబడ్డాక ఎంత దూరం నిలుస్తుందన్నది మూడోది. వేగంగా పోయినంత మాత్రాన గట్టిగా వినబడాలని లేదు. కింది జవాబులన్నిట్లో ఈ తేడాయే మళ్లీ మళ్లీ వస్తుంది.

ప్రశ్న: సార్, మా ఊరికి గ్రానైట్ క్వారీ రెండు కిలోమీటర్లుంటది. బ్లాస్టింగ్ చేసినప్పుడు అరుగు మీద కూసున్న మాకు ముందుగాల కింద సన్నగ అదురుడు తెలుస్తది. ఐదారు సెకన్లయినంక ‘ధామ్’ అని వినబడ్తది. రెండుసార్లు పేల్చిండ్రా అని అడిగితే ఒక్కసారే అంటరు. రాయి బరువైంది కాబట్టి అందులో చప్పుడు జోరుగ పోతదని పదో తరగతి సదివే మా మనుమడు అంటడు. నిజమేనా? గోడలు పగుల్తయేమోనని ఇంట్ల ఆడోళ్లకు భయం.
— దేవరకొండ దగ్గరి పల్లె నుంచి ఒక రైతు

జవాబు: పేల్చింది ఒక్కసారే అన్నా. అది మీ దగ్గరికి రెండు తొవ్వల్లో వచ్చింది. ఒకటి నేల తొవ్వ, ఇంకొకటి గాలి తొవ్వ.

గాలిలో చప్పుడు వేగం 0 డిగ్రీల దగ్గర సెకనుకు 331 మీటర్లు. డిగ్రీ పెరిగినప్పుడల్లా 0.6 మీటరు కలుస్తుంది. మన ఎండాకాలం 40 డిగ్రీల గాలిలో 355 మీటర్లు అనుకోండి. రెండు కిలోమీటర్లు రావడానికి ఐదున్నర సెకన్లు పైనే. మీరు వాచీ చూడకుండానే సరిగ్గా చెప్పారు. పగుళ్లు లేని గ్రానైటులో అదే చప్పుడు సెకనుకు 5,000 మీటర్ల పైన పోతుంది, అంటే రెండు కిలోమీటర్లకు అర సెకను కూడా పట్టదు. మీ కాళ్లకు బాగా తెలిసే ఊపు మాత్రం నేల పైపొర వెంబడి వచ్చే నిదానపు తరంగానిది. పైన మొరం, మట్టి కూడా ఉంటాయి కాబట్టి ఇంకాస్త ఆలస్యమవుతుంది. అయినా సెకను అటూ ఇటూలోనే వచ్చేస్తుంది. గాలిలో వచ్చేది అప్పటికి ఇంకా సగం దూరం కూడా దాటి ఉండదు.

ఇక మనుమడి మాట. వేగం సంగతి సరిగ్గానే చెప్పాడు, కారణమే తిరగబడింది. బరువు చప్పుడుకు సాయం చేయదు, అడ్డం పడుతుంది. సాయం చేసేది బిగువు. వాళ్ల పుస్తకంలో దీన్నే స్థితిస్థాపకత అంటారు. చెరువు పూడిక తీసేటప్పుడు మనుషులు వరుసగా నిలబడి తట్టలు చేతులు మార్చుకుంటారు కదా. నిలబడ్డవాళ్లు కదలరు, తట్టే పోతుంది. పక్కవాడు తట్ట తగిలీ తగలకముందే అందుకుంటే చకచకా సాగుతుంది, ఒక్కొక్కడు బరువుగా, బద్ధకంగా ఒళ్లు కదిలిస్తే నత్తనడక. అందుకునే చురుకు బిగువు లాంటిది, ఒంటి బరువు సాంద్రత.

అంకెల్లో చూపిస్తాను, వాడికి వినిపించండి. గ్రానైటు గాలి కంటే దాదాపు 2,200 రెట్లు బరువు. కానీ నొక్కితే లొంగకపోవడంలో నాలుగైదు లక్షల రెట్లు ఎక్కువ. ఈ రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే రెండు వందల చిల్లర వస్తుంది. దాని వర్గమూలం 14, 15. 20 డిగ్రీల గాలిలో వేగమైన 343ను దాంతో గుణిస్తే 5,000 దగ్గరికి వచ్చేస్తుంది. బరువే కారణమైతే సీసం ఇనుము కంటే ముందుండాలి. సీసం ఇనుము కంటే బరువు, కానీ అందులో చప్పుడు వేగం సెకనుకు 2,100 మీటర్ల చిల్లరే, ఉక్కులో 5,900. ఉక్కులో మూడో వంతు బరువున్న అల్యూమినియంలో 6,400. గాలి కంటే తేలికైన హీలియంలో వెయ్యి మీటర్ల దాకా పోతుంది. ‘ఘన పదార్థాల్లో సాంద్రత ఎక్కువ కాబట్టి వేగం ఎక్కువ’ అని గైడ్లలో రెండు మార్కుల జవాబు ఒకటి ఏళ్ల నుంచి తిరుగుతోంది. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పిల్లలు బట్టీ కొట్టేది ఇలాంటివే.

మీలాగే ఒక్క చప్పుడును రెండుసార్లు విన్న పెద్దమనిషి ఫ్రాన్సులో ఉన్నాడు, పేరు బియో. 1808లో పారిస్ నీటి గొట్టాల దగ్గర, సుమారు 950 మీటర్ల పొడవు పోత ఇనుప గొట్టం ఒక చివర కొట్టించి రెండో చివర చెవి పెట్టాడు. ముందు ఇనుములోంచి ఒకటి, దాదాపు రెండున్నర సెకన్ల తర్వాత గొట్టంలోని గాలిలోంచి ఇంకొకటి వచ్చాయి. ఇనుములో వేగాన్ని నేరుగా కొలిచిన తొలి లెక్కల్లో అదొకటి.

గోడల సంగతి వేగంతో తేలేది కాదు. పునాది దగ్గర నేల సెకనుకు ఎన్ని మిల్లీమీటర్ల జోరుతో ఊగిందన్నది చూస్తారు. క్వారీ వాళ్లవి కాని మామూలు ఇళ్లకు గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో ఇచ్చిన హద్దు, సెకనుకు 8 కంటే తక్కువసార్లు ఊగే ఊపుకైతే 5 మిల్లీమీటర్లు. సెకనుకు అంతకంటే ఎక్కువసార్లు ఊగే ఊపుకైతే 10, 15 దాకా ఒప్పుకుంటారు. నిదానపు ఊపే ఇంటికి ఎక్కువ చెరుపు కాబట్టి దానికి హద్దు తక్కువ పెట్టారు. కొలిచే యంత్రాన్ని మీ ఇంటి దగ్గర పెట్టించమని పంచాయతీ తరఫున కాగితం రాయండి. నోటిమాటకు విలువ ఉండదు, అంకెకు ఉంటుంది.

ప్రశ్న: 2020 జనవరిలో పులిచింతల జలాశయం చుట్టుపక్కల నేల అదిరినప్పుడు మా ఇంట్లో మంచం కదలకముందే భూమిలోంచి గుర్రుమన్న చప్పుడు వచ్చింది. మా అత్తమ్మకూ వినబడింది. భ్రమ అని మా ఆయన నవ్వుతారు.
— హుజూర్‌నగర్ పాఠకురాలు

జవాబు: భ్రమ కాదమ్మా. ఇద్దరూ విన్నది నిజమైన చప్పుడే. రాతిలో రెండు రకాల తరంగాలు బయల్దేరతాయి. నొక్కుతూ, సాగుతూ పోయేది సెకనుకు ఆరు కిలోమీటర్ల దాకా పోతుంది. గాలిలో చప్పుడు కూడా అలా నొక్కుతూ, సాగుతూనే పోతుంది, వేగమే తక్కువ. పక్కకు ఊగుతూ పోయేది సెకనుకు మూడున్నర కిలోమీటర్లు. మంచాన్ని ఊపేది ఎక్కువగా ఈ రెండోదే. మొదటిది ముందొచ్చి నేలను తాకినప్పుడు నేల పైకీ కిందికీ సన్నగా కదిలి మీదున్న గాలిని తోస్తుంది. ఆ కదలిక సెకనుకు ఇరవైసార్ల కంటే ఎక్కువుంటే చెవికి అందుతుంది. మీకు వినబడ్డ గుర్రు అదే. మీ ఆయనకు ఈ పేజీ చూపించండి.

ప్రశ్న: అంకుల్, రైలు పట్టాకు చెవి పెడితే దూరంలో ఉన్న రైలు కూడా వినబడుతుందని మా ఫ్రెండ్స్ అంటున్నారు. మేము ట్రై చేయొచ్చా?
— మిర్యాలగూడ, ఎనిమిదో తరగతి

జవాబు: చేయొద్దు బేటా. లైను దాటి పట్టాల మీదికి పోవడమే రైల్వే చట్టం కింద నేరం. అది పక్కన పెట్టినా లెక్క నీకు అనుకూలం కాదు. కిలోమీటరు దూరం నుంచి ఉక్కులో చప్పుడు ఐదో వంతు సెకనులో వస్తుంది, గాలిలో మూడు సెకన్లు పడుతుంది. నీకు మిగిలేది మూడు సెకన్ల లోపే. గంటకు 110 కిలోమీటర్లతో వచ్చే బండి సెకనుకు ముప్పై మీటర్లు మింగుతుంది. పైగా ఇప్పటి పట్టా కాంక్రీటు స్లీపరు మీద రబ్బరు ప్యాడు వేసి, క్లిప్పుతో బిగించి ఉంటుంది. ఆ ప్యాడు అదురును తాగేస్తుంది. రెండు పట్టాల కొసలను కలిపే ఫిష్‌ప్లేటు జాయింటు ఉంటే అక్కడ ఇంకొంత పోతుంది. వేగంగా పోవడం వేరు, దూరం నిలవడం వేరు అని పైన అన్నది ఇందుకే.

పట్టాలో చప్పుడు ఎలా పోతుందో చూడాలనుంటే మా పని గురించి చెప్తాను. మా ట్రాలీకి కింద పట్టా తలను ఆనుకుని ప్రోబులు, అంటే చప్పుడు పంపి తిరిగొచ్చింది పట్టే చిన్న పరికరాలు, ఉంటాయి. తిన్నగా కిందికి చూసే ప్రోబు సెకనుకు 40 లక్షలసార్లు అదిరే చప్పుడు పంపుతుంది. మనిషి చెవి హద్దు 20 వేలు. మీటరుకు 60 కేజీలు తూగే పట్టా ఎత్తు 172 మిల్లీమీటర్లు. చప్పుడు కింది అంచుదాకా పోయి తగిలి పైకొచ్చేసరికి, సెకనును పది లక్షల ముక్కలు చేస్తే అందులో 58 ముక్కల కాలం పడుతుంది. స్క్రీను మీద ఆ చోట ఒక గీత లేస్తుంది. నడిమిట్ల ఇంకో గీత లేచిందంటే నాకు గుండె ఆగేది. అక్కడ పగులుంది. గీత ఎక్కడ లేచిందో చూసి పగులు ఎంత లోతులో ఉందో చెప్పేవాళ్లం. పక్కకు వాలిన పగుళ్ల కోసం 70 డిగ్రీలు వంచిన ప్రోబులు వేరే ఉండేవి.

ఒక విచిత్రం విను. ట్రాలీకి నీళ్ల క్యాను కట్టి ఉంటుంది. ప్రోబు కింద నీళ్లు కారుతూ ఉండాలి, ఆగితే పని ఆగినట్టే. ప్రోబుకూ పట్టాకూ మధ్య వెంట్రుక మందం గాలి మిగిలినా చాలు, ఆ అంచు దగ్గర లక్ష పాళ్లలో మూడు నాలుగు పాళ్లే దాటుతుంది, మిగతాదంతా వెనక్కి తిరుగుతుంది. ఉక్కు, గాలి రెండూ అంత తేడా గలవి. నీళ్లు ఆ ఖాళీని నింపుతాయి. లోపలి పగులు దొరికేది కూడా ఈ గుణం వల్లే. పగులంటే ఉక్కు మధ్యలో సన్నటి ఖాళీ, దానికి తగిలి చప్పుడు తిరిగొస్తుంది. మే నెలలో పట్టా చేయి పెట్టలేనంత కాలుతుంటే ఆ నీళ్లు కారీ కారకముందే ఆవిరయ్యేవి. గ్యాంగ్‌మన్లు ‘మనం తాగే నీళ్లకంటే పట్టాకు తాపే నీళ్లే ఎక్కువ సార్’ అని నవ్వేవాళ్లు. ఆస్పత్రిలో స్కానింగుకు ముందు కడుపు మీద జెల్లు రాసేదీ ఈ గాలిని తప్పించడానికే.

ప్రశ్న: డిండి రిజర్వాయరు మీద గాలం వేస్తాం. గట్టు మీద మాట్లాడితే చేపలు పోతాయని మా బావ నోరు మూయిస్తడు. అవసరమా?
— డిండి

జవాబు: మీ బావకు నోటి మీద కంటే కాళ్ల మీద పట్టింపు ఉండాలి. గాలిలోని మాట నీటి అంచుకు తగిలితే వెయ్యిలో ఒక వంతు మాత్రమే లోపలికి పోతుంది, మిగిలినదంతా పైకే తిరుగుతుంది. మీ ముచ్చట చేపకు దాదాపు చేరదు. గట్టు మీద కాలు దబాల్న వేస్తే, పడవ చెక్కకు తెడ్డు తగిలితే, ఇనుప బకెట్టు బండ మీద కొడితే మాత్రం అది గాలిని దాటాల్సిన పనే లేదు. నేలలోంచి, చెక్కలోంచి తిన్నగా నీళ్లలోకి పోతుంది. నీళ్లలో దాని వేగం సెకనుకు దాదాపు 1,480 మీటర్లు, గాలిలో కంటే నాలుగింతల పైన. చాలా దూరం నిలుస్తుంది కూడా. జెనీవా సరస్సులో 1826లో కొలడన్, స్టుర్మ్ అనే ఇద్దరు రాత్రిపూట పడవలో నుంచి నీటిలోకి గంట వేలాడదీసి కొట్టారు, అదే క్షణంలో మందుగుండు వెలిగించారు. పదమూడు కిలోమీటర్ల అవతలి పడవలో, గొట్టం నీటిలో ముంచి చెవి పెట్టి కూర్చున్న మనిషికి మంట కనబడ్డ తొమ్మిది సెకన్ల చిల్లరకు గంట వినబడింది. 8 డిగ్రీల నీళ్లలో వాళ్లు కట్టిన లెక్క 1,435 మీటర్లు. ఇప్పటి యంత్రాలతో కొలిచినా దానికి నాలుగైదు మీటర్లకు మించి తేడా రాదు.

బొచ్చె, రవ్వ లాంటి చేపలకు కడుపులోని గాలితిత్తికీ లోపలి చెవికీ మధ్య చిన్న ఎముకల గొలుసు ఉంటుంది, అవి బాగా వింటాయి. చెప్పులు విడిచి నడవండి, ముచ్చట్లు కానివ్వండి.

ప్రశ్న: జడ్చర్ల స్టేషను మాకు ఐదు కిలోమీటర్లు. పగలు రైలు కూత వినబడదు, చలికాలం తెల్లవారుజామున పక్క సందులో ఉన్నట్టు వినబడుతుంది. రాత్రి నిశ్శబ్దం వల్లేనా?
— మహబూబ్‌నగర్ జిల్లా పాఠకుడు

జవాబు: నిశ్శబ్దం కొంత. మిగతాది గాలి పని. చలికాలం తెల్లారగట్ల నేల చల్లబడి దాన్ని ఆనుకున్న గాలి చల్లగా ఉంటుంది, కొంచెం పైన వెచ్చగా ఉంటుంది. వెచ్చటి గాలిలో చప్పుడుకు వేగం ఎక్కువ కాబట్టి పైకి లేచిన భాగం ముందుకు తూగి మొత్తం తరంగం నేల వైపు వంగుతుంది. పైకి పోవాల్సిన కూత మీ వాకిట్లో దిగుతుంది. పగలు దీనికి తిరగబడి నేల కాలుతుంటుంది, చప్పుడు ఆకాశం వైపు వంగి మీ నెత్తి మీది నుంచి పోతుంది. ఒకే గాలి, వేడిని బట్టి రెండు పదార్థాల్లా నడుచుకుంటుంది.

ప్రశ్న: మా ఇంటి వెనక ఫంక్షన్ హాల్ పడ్డది. తలుపులు మూసినా పాట మాటలు వినబడవు గాని దమ్ దమ్ మాత్రం ఛాతీలో కొడుతుంది. గోడకు కోడిగుడ్ల ట్రేలు అతికిస్తే ఆగుతుందని వీడియోలో చూశాను. ఇద్దరు పిల్లలు పరీక్షలకు చదవాలి.
— నల్లగొండ పాఠకురాలు

జవాబు: ట్రేలు కొనకండి చెల్లెమ్మా. అవి గదిలోపలి ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తాయేమో గాని, బయటి నుంచి వచ్చేదాన్ని ఆపలేవు. గోడ చప్పుడును ఆపేది ప్రధానంగా తన బరువుతో. గోడ బరువు రెట్టింపైతే చప్పుడు ఐదారు డెసిబెళ్లు (చప్పుడు జోరుకు కొలత) తగ్గుతుంది. అయితే సన్న గొంతును ఆపినంత సులువుగా డ్రమ్మును ఆపలేదు. సెకనుకు 50సార్లు కొట్టే బేస్ తరంగం పొడవు దాదాపు ఏడు మీటర్లు, అది గోడను మొత్తంగా నిదానంగా ఊపుతుంది. అంత నిదానపు ఊపుకు గోడ బరువు పెద్దగా అడ్డు రాదు, గోడ అవతలి గాలి కూడా ఊగుతుంది. మాటల్లోని, సెకనుకు వెయ్యిసార్లు కొట్టే తరంగం పొడవు 34 సెంటీమీటర్లే. అది జోరుగా కొట్టినా బరువైన గోడ అంత జోరుగా కదలలేదు, అక్కడే చస్తుంది. అందుకే మీకు పాట పోయి దరువు మిగిలింది.

డబ్బులుంటే ఆ వైపు ఖాళీ వదిలి రెండో గోడ లేపడం, కిటికీకి రెండు అద్దాలు దూరదూరంగా పెట్టడం. లేకపోతే ముందు తలుపు కిందా కిటికీ అంచులకూ రబ్బరు బీడింగ్ వేయించండి. చిన్న సందైనా చప్పుడుకు పెద్ద దారే. పిల్లల్ని ఆ గోడకు దూరంగా ఉన్న గదిలో కూర్చోబెట్టండి, గది మూలల్లో బేస్ గుమిగూడుతుంది కాబట్టి బల్ల మూలకు వేయొద్దు. మిగతాది భౌతికశాస్త్రం కాదు, చట్టం. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లే హద్దు. రాత్రంటే 10 నుంచి ఉదయం 6 దాకా. పదింటి తర్వాత మోగితే మొహమాటపడకుండా పోలీసులకు ఫోన్ చేయండి.

ప్రశ్న: ఫోన్‌లో రికార్డు చేసిన నా గొంతు నాకే నచ్చడం లేదు. పల్చగా ఉంటుంది. ఫోన్ లోపమా?
— సూర్యాపేట

జవాబు: ఫోన్ మంచిదే. మీ గొంతు మీకు రెండు దారుల్లో చేరుతుంది, గాలిలో ఒకటి, పుర్రె ఎముకలోంచి ఒకటి. ఎముక బొంగురు స్వరాల్ని బాగా మోస్తుంది. రికార్డులో ఆ భాగం ఉండదు. మాకందరికీ రోజూ వినబడేది మాత్రం ఫోన్‌లో ఉన్న గొంతే.

ప్రశ్న: రంజన్ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం. ఖంగుమంటే మంచిది, డొక్కుగా వస్తే పగులుంది అంటారు మా అమ్మమ్మ. దీనికి లెక్క ఉందా?
— వనపర్తి పాఠకురాలు

జవాబు: ఉంది, అమ్మమ్మ పరీక్ష పక్కా. మంచి కుండను కొడితే అదురు గోడ చుట్టూ తిరిగి తిరిగి చాలాసేపు నిలుస్తుంది. పగులుంటే దాని రెండు అంచులూ ఒకదానికొకటి రాసుకుని ఆ శక్తిని అక్కడే తినేస్తాయి, మోత చప్పున చస్తుంది. రైలు చక్రాలను సుత్తితో కొట్టి పరీక్ష చేసిన కాలంలో మావాళ్లు విన్నదీ ఈ తేడానే. నేల మీద పెట్టి కొట్టొద్దు, నేల మోతను పీల్చేస్తుంది. మూతి దగ్గర పట్టుకుని, చేయి ఎక్కువ ఆనకుండా కొంచెం పైకెత్తి, చుట్టూ మూడు నాలుగు చోట్ల వేలి గణుపుతో తట్టండి, ఒకచోట బాగున్నా ఇంకోచోట డొక్కు రావచ్చు. ఎండు కుండనే తట్టి చూడండి. అమ్మేవాళ్లు నీళ్లు చల్లి పెట్టినదైతే మంచిది కూడా సరిగ్గా మోగదు.